రాయగడ లాడ్జిలో చోడి అంబలి

లాడ్జిలో దిగినవారు మూడు పూటలా హోటల్ భోజనమే తినక తప్పదని కొందరు అనే మాటతో నేను ఏకీభవించలేను. పని మీద ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ వచ్చే మన తెలుగువారికి ఇక్కడి సంతల్లోనే చవకైన, బలమైన ఆహారం దొరుకుతుంది; ముఖ్యంగా చోళ్లలో, అంటే రాగుల్లో, వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. దోరగా వేయించి పట్టించిన చోడిపిండిని వెంట తెచ్చుకుని, గదిలోని కెటిల్‌లో మరిగించిన నీళ్లు పోసి, ఉండకట్టకుండా కలిపి, చల్లారాక మజ్జిగ, ఉప్పు చేర్చుకుంటే ఉదయపు ఆకలి తీరుతుంది. రాత్రికి నానబెట్టిన అటుకులు, పెరుగు, అరటిపండు చాలు. మధ్యాహ్నం మాత్రం పప్పు, ఆకుకూర వండే చోట కడుపునిండా తినాలి. ఆ పూట పొదుపు చేయడం నాకు సమ్మతం కాదు. మధుమేహం ఉన్నవారు అటుకులు తగ్గించి, ఉడికించిన కోడిగుడ్లు తీసుకోవడం మేలు.