గేటుకు వేలాడుతున్న పాత చైన్ గారికి

మహారాజశ్రీ డ్రైవ్ చైన్ గారి సముఖమునకు,

చీరాల అవతల, సముద్రపు గాలి తగిలే ఓ సరుగుడు తోట నుంచి వ్రాసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి.

అప్పుడే ఒక అబద్ధం దొర్లింది. ఉభయులం కుశలంగా లేం. మీరు తుప్పు పట్టి గేటుకు వేలాడుతున్నారు. మీ పక్కన వంగి వంగి నా నడుం పట్టేసింది. ఈ 'మీరు' కూడా ఇక్కడితో చాలు. గ్రీజు చేతులతో మర్యాదలు రాయడం నా వల్ల కాదు, నువ్వనే అంటాను.

నువ్వు మా ఇంటికొచ్చి రెండేళ్లు. మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "నాన్నా, ఇసకలో బైకు తోయలేక చస్తున్నావుగా, సెకండ్ హ్యాండ్‌లో ఏటీవీ ఒకటుంది, తీసుకుందాం" అన్నాడు. వచ్చింది. నాలుగు లావుపాటి చక్రాలు, గేదె మీదెక్కి కూర్చున్నట్టుండే సీటు. ఊళ్లో దానికి 'కప్ప బండి' అని పేరు పెట్టారు. నంబరు ప్లేటు లేదు, రోడ్డెక్కకూడదు. తోటలోనే యూరియా బస్తాలు, నీళ్ల క్యాన్లు మోసుకు తిరగాలి. దానికోసం మా ఆవిడ మెడలో గొలుసు బ్యాంకు మెట్లెక్కింది. ఆ గొలుసు వెళ్లింది, ఈ గొలుసు వచ్చింది. నేను పానా పట్టుకుని బండి కింద కూలబడ్డప్పుడల్లా ఆవిడ గడపలోంచి ఒకటే మాట: "నాది ముప్పై ఏళ్లు మెళ్లో ఉంది, ఒక్కనాడు వదులైందా?" నువ్వేమైనా సమాధానం చెప్తావేమోనని నీ వంక చూసేవాణ్ణి. నువ్వు ఇంకో పావు అంగుళం జారేదానివి.

పొద్దున్నే బిగించేవాణ్ణి. కింది వరస మధ్యలో రెండు వేళ్లు పెట్టి ఎత్తితే మూడు సెంటీమీటర్లు ఆడేదానివి, చెప్పినట్టు వినే కోడలిలా. తోట చివరి బోరుదాకా వెళ్లొచ్చేసరికి అది ఆరు సెంటీమీటర్లు. వెనక యాక్సిల్‌ను పట్టుకునే ఇనుప చెయ్యి, అదే స్వింగార్మ్, దాని మీద టపటపా కొట్టుకుంటూ వస్తుంటే కాలవ గట్టు మీద కొంగలు లేచిపోయేవి. మర్నాడు మళ్లీ బిగింపు. ఆ నెలలో ఎన్నిసార్లు బిగించానో లెక్క రాయలేదు గాని, పానా పట్టుకునే వేలు మీద కాయ కాసింది.

సలహాలకు కొరత లేదు. మా బావమరిది "చైన్ సాగింది బావా, ఒక లింకు తీసేయ్" అన్నాడు. ఒక లింకు తీస్తే నీ రెండు కొసలూ కలవవని వాడికేం తెలుసు? నీలో లోపలి లింకు ఒకటి, బయటి లింకు ఒకటి జంటలు జంటలుగా ఉంటాయి. తీస్తే రెండూ తీయాలి, అంటే అంగుళంపావు పోవాలి. ఎరువుల కొట్టాయన ఇంజనాయిల్ పొయ్యమన్నాడు. పక్క తోటాయన నిమ్మకాయ కట్టమన్నాడు. నిమ్మకాయ కట్టాను కూడా. దాన్ని నువ్వే నమిలేశావు.

నా పాపాలూ ఒప్పుకుంటాను, ఇది బహిరంగ లేఖ గనక. నీ లింకుల మధ్య చిన్న చిన్న రబ్బరు రింగులుంటాయి, లోపలి గ్రీజు బయటికి రాకుండా, బయటి ఇసక లోపలికి పోకుండా కాపలా కాసేవి. నేను పెట్రోలు పోసి ఇనుప బ్రష్షుతో తోమాను. కాపలావాళ్లను చంపేశాను. ఆపైన షెడ్డులో ఊరికే వచ్చే వేస్ట్ ఆయిలు ధారాళంగా పోశాను. సముద్రం పక్క తోట, నూనె జిడ్డు, సన్నటి ఇసక: మూడూ కలిస్తే నీ ఒంటికి సానరాయి నూరి లేపనం పెట్టినట్టే. నీ రెండు కొసలూ కలిపే లింకుకు పెట్టే లాక్ క్లిప్పు ఒకసారి తిరగేసి పెట్టాను. మూసి ఉన్న కొస చైన్ నడిచే దిక్కుకు ఉండాలట. అది ఎగిరి ఎక్కడో పడింది, వర్షాకాలంలో దొరికింది.

'చైన్ సాగింది' అని ఊరంతా అంటారుగా, సాగడానికి నువ్వు రబ్బరువా? ఇనుప పలకలు అలా సాగవు. లింకుల్ని కలిపే పిన్నుకూ దాన్ని గొట్టంలా చుట్టుకున్న బుష్‌కూ మధ్య అరుగుతుంది. నీది 520 సైజు, లింకు లింకుకూ అయిదు ఎనిమిదో వంతుల అంగుళం దూరం. 96 లింకులు, కొస నుంచి కొసకి సరిగ్గా అయిదడుగులు. ఒక్కో కీలు దగ్గర మిల్లీమీటరులో పదో వంతు అరిగిందనుకో, వెంట్రుక మందం. మొత్తం మీద దాదాపు సెంటీమీటరు పెరుగుతావు. మన ఊళ్లో చందాల పుస్తకం కూడా ఇలాగే పెరుగుతుంది, ఎవరి దగ్గరా పెద్దగా తీసుకోరు.

ఈ అరుగుడు బెడద నీ ముత్తాత నాటిది. మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ అనే స్విస్ ఇంజనీరు 1880లో బుష్ రోలర్ చైన్ చేసిందే దీనికోసం. పిన్ను మీద పడే బరువు ఇరుకు చోట కాక బుష్ పొడుగునా పరుచుకుంటే అరుగుదల తగ్గుతుందని. తగ్గింది. కాకపోతే ఆయన మాంచెస్టర్‌లో ఉన్నాడు, మా తోట ఇసక చూళ్లేదు.

సరే, తప్పంతా నీదేనని తీర్పు చెప్పి నిన్ను విప్పేశాను. బజారుకెళ్లి కొత్త చైన్ తెచ్చాను. చైనొక్కటే. కొట్టువాడు "చైన్ తిరిగే పళ్ల చక్రాలు, స్ప్రాకెట్లు కూడా మార్చాలండీ, సెట్టుగానే వేసుకోవాలి" అన్నాడు. సరుకు అంటగట్టే మాటలనుకుని నవ్వేశాను. వెనక స్ప్రాకెట్ పళ్లు అప్పటికే కొడవళ్లలా ఒంగి ఉన్నాయి, అలవాటైన కంటికి అవి బాగానే కనిపించాయి. నిన్ను గేటుకు కట్టాను. ఊరట చెందాను.

రెండు రోజులు. కొత్తది కూడా రెండే రోజుల్లో ఆరు సెంటీమీటర్లకు దిగింది. ఆ సాయంత్రం గేటు తీస్తుంటే నువ్వు గలగలమన్నావు. అది గాలే అయి ఉంటుంది.

అప్పుడు చీరాల నుంచి ఒక మెకానిక్ కుర్రాడొచ్చాడు. వచ్చి చైన్ ముట్టుకోలేదు, చూడనైనా లేదు. నాకు కోపమొచ్చింది. జబ్బు ఒకచోటుంటే వైద్యుడు ఇంకోచోట నాడి చూస్తాడేంటని. "బాబాయ్, సుద్దముక్కుందా?" అన్నాడు. మనవరాలి పలక దగ్గర్నుంచి తెచ్చిచ్చాను. వెనక యాక్సిల్ దూరే గుండ్రటి బేరింగ్ గూడు ఉంటుంది చూడు, స్వింగార్మ్ కొస దాన్ని పిడికిలి పట్టినట్టు పట్టుకుంటుంది. ఆ గూటి మీదుగా స్వింగార్మ్ మీదికి ఒకటే తెల్ల గీత గీశాడు. "ఒక రౌండు కొట్టి రా" అన్నాడు.

బోరుదాకా వెళ్లొచ్చాను. గీత రెండైంది. గూటి మీది ముక్క స్వింగార్మ్ మీది ముక్కకు వేలెడు దూరం జరిగి ఉంది.

"ఒక్క పూటలో వదులయ్యేది అరగడం కాదు బాబాయ్, ఎక్కడో జారడం" అన్నాడు వాడు. అరుగుదల వారాలు తీసుకుంటుంది, జారుడు నిమిషాల్లో జరుగుతుంది. ఇది తెలియక నెల్లాళ్లు నీ చెవి మెలిపెట్టాను.

సంగతేమిటంటే, ఆ గూట్లో యాక్సిల్ నట్టనడుమ ఉండదు, ఒక పక్కకు ఉంటుంది. గూటిని తిప్పితే యాక్సిల్ వెనక్కో ముందుకో జరుగుతుంది. నేను పొద్దున్నే చేసే బిగింపు అదే. తిప్పాక గూటిని కదలకుండా పట్టాల్సింది స్వింగార్మ్ పిడికిలిని బిగించే నాలుగు బోల్టులు. వాటిలో రెండింటికి మరలు పోయాయి. మిగతా రెండూ నేను పోసిన వేస్ట్ ఆయిల్లో ఈదుతున్నాయి. ఇంజను చైన్ లాగిన ప్రతిసారీ యాక్సిల్ ముందుకు రావాలని చూస్తుంది, గూడు దాంతో తిరిగిపోతుంది, చైన్ వేలాడిపోతుంది. పైగా బండిని జాకీ మీదకెత్తి వెనక చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే కటకటమంది. బేరింగులు కూడా వెళ్లిపోయాయి. ఇంజను పట్టుకునే బోల్టులు, ముందు స్ప్రాకెట్ బోల్టులు కూడా చూశాడు. అవి బాగున్నాయి. నన్ను సంతోషపెట్టడానికి ఒకటైనా ఉండాలిగా.

బేరింగుల జత, నాలుగు బోల్టులు, రెండు స్ప్రాకెట్లు. బోల్టు మరలను శుభ్రంగా తుడిచి నీలం లాకింగ్ జిగురు రాశాడు. టార్క్ పానా క్లిక్కుమనేదాకా బిగించి అక్కడ ఆపాడు. నేనైతే పైపు తొడిగి ఇంకో రెండు చుట్లు తిప్పేవాణ్ణి. చైన్ ఎంత వదులుండాలో చూసేటప్పుడు నన్ను సీటు మీద కూర్చోబెట్టాడు. ముందు స్ప్రాకెట్, స్వింగార్మ్ ఇరుసు, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చినప్పుడే చైన్ అన్నిటికంటే బిగుసుకుంటుందట. ఖాళీ బండి మీద వీణ తీగలా బిగిస్తే, బరువెక్కాక అది గేర్‌బాక్స్ షాఫ్టు బేరింగును లాగి పీకుతుంది. నేను నిన్ను అలా వీణ తీగలా బిగించిన రోజులున్నాయి. మీటి కూడా చూశాను.

బిల్లు మా ఆవిడకు చూపించలేదు.

కొత్తది ఇప్పుడు కుదురుగా ఉంది. మొదట్లో కాస్త సర్దుకుంది, ఒకసారి బిగించాను, అంతే. వారానికోసారి కిరసనాయిలుతో మెత్తటి గుడ్డ పెట్టి తుడిచి 90 నంబరు గేరాయిల్ పలచగా రాస్తున్నాను. గూటి మీద సుద్ద గీత చెరిగిపోతుందని ఎర్ర పెయింటు గీత వేశాను. పొద్దున్నే పళ్లు తోముకుంటూ వెళ్లి ఆ గీత చూసి వస్తున్నాను. ఇంట్లోవాళ్లు దీన్నొక జబ్బంటున్నారు.

నీకు క్షమాపణ చెప్పమని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పబోవడం లేదు. నువ్వు అరిగిన మాట నిజమే, నేను అరగదీసినా సరే. గేటు ఉద్యోగం హాయైనది, ఇంజను లేదు, బరువు లేదు. కాని ఒక ఫిర్యాదుంది. మేకల కుర్రాడు రోజూ మధ్యాహ్నం నిన్ను పక్కకు లాగి, ఆ సందులోంచి పిల్లమేకల్ని తోలుతున్నాడట. మొక్కల చివుళ్లన్నీ కొరికేశాయి.

అక్కడైనా కాస్త బిగువుగా ఉండు.

ఇట్లు,
పదమూడో నంబరు పానాతో,
నీ పాత యజమాని