అడిసన్ జబ్బుకు స్టెరాయిడ్ మానేయమంటున్న సందేశం: ఒక్కో మాటకూ జవాబు

వాట్సాప్ గ్రూపుల్లోనూ చిన్న వీడియోల్లోనూ కొద్దిపాటి మార్పులతో కొంతకాలంగా తిరుగుతున్న ఆ సందేశం సారాంశం ఇది. తీరని అలసట, బరువు తగ్గడం, చర్మం నల్లబడడం, ఉప్పు తినాలనిపించడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, ఇవన్నీ ఒత్తిడి వల్ల అడ్రినల్ గ్రంథులు అలసిపోయాయనడానికి గుర్తులట. డాక్టర్లు దీనికి అడిసన్ జబ్బు అని పేరు పెట్టి జీవితాంతం స్టెరాయిడ్లు మింగిస్తారట. ఆ స్టెరాయిడ్లు ఎముకలనూ కిడ్నీలనూ తినేస్తాయట. అతిమధురం, అశ్వగంధ చూర్ణాలతో పాటు సైంధవ లవణం కలిపిన నీళ్ళు తాగుతూ, స్టెరాయిడ్‌ను మెల్లమెల్లగా మానేస్తే మూడు నెలల్లో గ్రంథులు తిరిగి పనిచేస్తాయట. బాగుపడినవారి అనుభవాలే దీనికి సాక్ష్యమట.

నేను అడిసన్ జబ్బుతో జీవిస్తున్నాను. ఈ సందేశం మా బంధువుల గ్రూపులోకీ వచ్చింది. పంపిన పెద్దమ్మ నా మేలు కోరే పంపింది, అందులో నాకు ఏ సందేహమూ లేదు. అయితే ఇందులో చెప్పినట్టు చేస్తే నాలాంటివారు కొద్ది రోజుల్లోనే ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు కాబట్టి, మర్యాద కోసం ఊరుకోవడం సరికాదనిపించి ప్రతి మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదటి మాట, ఇది ఒత్తిడి వల్ల వచ్చిన అలసట అన్నది. రెండు మూత్రపిండాల పైన టోపీల్లా కూర్చుని ఉండే చిన్న గ్రంథులు అడ్రినల్ గ్రంథులు. వాటి పైపొరలో కార్టిసాల్, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్లు తయారవుతాయి. రక్తపోటు నిలబడడానికీ, ఆకలితో ఉన్నప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా ఉండడానికీ, జ్వరాన్నీ గాయాన్నీ శరీరం తట్టుకోవడానికీ కార్టిసాల్ కావాలి. సోడియంను ఒంట్లో నిలిపి, పొటాషియంను బయటికి పంపే పని ఆల్డోస్టిరాన్‌ది. అడిసన్ జబ్బులో ఆ పైపొరే నాశనమైపోతుంది. సాధారణంగా తొంభై శాతం దాకా దెబ్బతిన్న తర్వాతే లక్షణాలు పూర్తిగా బయటపడతాయి. ఐరోపా దేశాల్లో చాలామందికి సొంత రోగనిరోధక శక్తే ఆ గ్రంథుల మీద దాడి చేయడం వల్ల ఈ జబ్బు వస్తుంది. మన దేశంలో దానితో పాటు క్షయ కూడా ఒక ముఖ్య కారణం. ఊపిరితిత్తుల్లో క్షయ ఎప్పుడో తగ్గిపోయిన మనిషికి కూడా, నెత్తురు ద్వారా అడ్రినల్ గ్రంథులకు చేరిన సూక్ష్మక్రిమి ఏళ్ళ తరబడి వాటిని తినేసి ఉండవచ్చు. 1855లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ ఈ జబ్బును వివరించినప్పుడు ఆయన చూసిన రోగుల్లోనూ క్షయ బాధితులే ఎక్కువ. ఉద్యోగంలో ఒత్తిడి వల్లనో, ఇంటి దిగుళ్ళ వల్లనో ఈ గ్రంథి నశించదు.

ఇక అలసిపోయిన అడ్రినల్ అనే భావన సంగతి. దీన్ని 1998లో జేమ్స్ విల్సన్ అనే అమెరికన్ ప్రత్యామ్నాయ వైద్యుడు ప్రచారంలోకి తెచ్చాడు. హార్మోన్ల వైద్యనిపుణుల సంఘాలేవీ దీన్ని జబ్బుగా గుర్తించలేదు. 2016లో ఇద్దరు బ్రెజిల్ పరిశోధకులు ఈ విషయం మీద అప్పటిదాకా వచ్చిన 58 అధ్యయనాలను పరిశీలించి, అలాంటి జబ్బు ఉందనడానికి ఆధారం లేదని తేల్చారు. అలసట నిజం కాదని దీని అర్థం కాదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, నిద్రలేమి, దిగులు, మధుమేహం, ఇలా దానికి కారణాలు ఎన్నో ఉంటాయి, ప్రతి కారణానికీ దాని వైద్యం దానికి ఉంటుంది. లేని జబ్బు పేరుతో ఉన్న జబ్బును కప్పేయడమే ఈ సందేశం చేస్తున్న మొదటి హాని.

చర్మం నల్లబడడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కార్టిసాల్ తగ్గినప్పుడు మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి, అడ్రినల్‌ను పని చేయించడానికి ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను విపరీతంగా వదులుతుంది. అది చర్మంలో రంగునిచ్చే కణాలను కూడా ప్రేరేపిస్తుంది. అందుకే ఈ నలుపు ఎండ తగిలిన చోట మాత్రమే ఉండదు. అరచేతి గీతల్లో, వేళ్ళ కణుపుల మీద, మోచేతుల దగ్గర, పాత గాయపు మచ్చల మీద, అన్నిటికీ మించి ఎండ ఎప్పుడూ చూడని చిగుళ్ళ మీద, బుగ్గల లోపల బూడిద రంగు మచ్చలుగా కనిపిస్తుంది. నాకు మొదలైనప్పుడు ఎండకు కమిలిందనుకుని ఇంట్లోవాళ్ళు శనగపిండి, పసుపు, పెరుగు కలిపి నలుగు పెట్టారు. నోరు తెరిపించి చిగుళ్ళు చూసిన డాక్టరే మొదట అనుమానించారు. చామనఛాయ ఉన్నవారిలో కొందరికి చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, అందులో భయపడాల్సింది లేదు. కొత్తగా వచ్చిన నలుపుకు బరువు తగ్గడం, వాంతులు, రక్తపోటు పడిపోవడం తోడైతే మాత్రం ఆలస్యం చేయకూడదు.

రెండో మాట, స్టెరాయిడ్ విషం అన్నది. ఈ భయం గాలిలోంచి పుట్టలేదు. కీళ్ళనొప్పులకనీ, ఆయాసానికనీ ఎక్కువ మోతాదులో ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ వాడి ముఖం ఉబ్బి, ఎముకలు గుల్లబారి, చక్కెర వ్యాధి తెచ్చుకున్నవారిని మన ఊళ్ళలో అందరం చూశాం. కానీ అక్కడ స్టెరాయిడ్ మందుగా వాడారు. ఇక్కడ శరీరం తయారు చేసుకోలేకపోతున్న హార్మోన్‌ను దాని కొలతకు సరిపడా తిరిగి ఇస్తున్నారు. లెక్క చూడండి. అడిసన్ రోగికి రోజుకు మామూలుగా 15 నుంచి 25 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్, అంటే మాత్ర రూపంలో ఉన్న కార్టిసాల్, ఇస్తారు. 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ దాదాపు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ అనే మరింత గట్టి స్టెరాయిడ్‌కు సమానం. తీవ్రమైన ఆయాసానికి రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ ఇచ్చినప్పుడు అది మా రోజువారీ మోతాదుకు ఎనిమిది రెట్లు. మా మోతాదు కూడా అవసరానికి మించితే ఎముకలకు నష్టమే, ఆ మాట దాచాల్సిన పని లేదు. అందుకే డాక్టరు బరువు, రక్తపోటు, సోడియం, పొటాషియం చూస్తూ మోతాదు సరిచేస్తారు. అధిక మోతాదు చెడ్డది కాబట్టి అసలే వద్దనడం మాత్రం, చక్కెర పడిపోయిన ప్రమాదాలు విని మధుమేహ రోగికి ఇన్సులిన్ మాన్పించడం లాంటిదే.

ఈ మాత్రలు లేని కాలం ఎలా ఉండేదో కూడా తెలుసుకోవాలి. అప్పట్లో అడిసన్ జబ్బు వచ్చినవారు కొద్ది సంవత్సరాల్లో చనిపోయేవారు. అడ్రినల్ హార్మోన్ల నిర్మాణాన్నీ పనితీరునూ కనిపెట్టిన కెండల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాతే ఈ జబ్బుతో దీర్ఘకాలం బతకడం సాధ్యమైంది. 1947లో ఈ జబ్బు ఉందని తేలిన జాన్ ఎఫ్. కెన్నెడీ 1961లో అమెరికా అధ్యక్షుడయ్యారు. తన జబ్బు సంగతి ఆయన జనానికి తెలియనివ్వలేదు. పెళ్ళి సంబంధాలు చెడిపోతాయనీ, ఉద్యోగం పోతుందనీ మన దగ్గర కూడా చాలామంది దాచుకుంటున్నారు, దానివల్ల పక్కనున్నవారికి అత్యవసరంలో ఏం చేయాలో తెలియకుండా పోతోంది.

మూడో మాట మూలికల గురించి. అతిమధురం వేరులో ఉండే గ్లైసిరైజిన్, మూత్రపిండాల్లో కార్టిసాల్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. దానివల్ల ఉన్న కార్టిసాల్ ప్రభావం అక్కడ పెరిగి, రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. అంటే అది కార్టిసాల్‌ను పుట్టించదు, ఉన్నదాన్ని అరగనివ్వదు. అసలే లేనివారికి అది చేసేదేమీ లేదు. హైడ్రోకార్టిసోన్‌నూ, ఆల్డోస్టిరాన్ లోటు తీర్చే ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రనూ వాడుతున్నవారు దాన్ని తీసుకుంటే మోతాదు లెక్క తప్పుతుంది కనుకనే వైద్య మార్గదర్శకాలు అతిమధురాన్ని దూరంగా ఉంచమంటున్నాయి. అశ్వగంధ సంగతి ఇంకా విచిత్రం. 2012లో హైదరాబాదులో ఒత్తిడితో బాధపడుతున్న 64 మంది మీద జరిపిన అధ్యయనంలో అశ్వగంధ సారం తీసుకున్నవారి రక్తంలో కార్టిసాల్ తగ్గింది. ఒత్తిడి ఉన్నవారికి అది మేలే అయి ఉండవచ్చు. కార్టిసాల్ కరువై అల్లాడుతున్న మనిషికి దాన్ని మందుగా చెప్పడం ఏ తర్కానికీ నిలవదు. ఇది ఆయుర్వేదం మీద దాడి కాదు. నశించిపోయిన గ్రంథిని తిరిగి మొలిపించే మందు ఏ వైద్యంలోనూ లేదు, అల్లోపతీ మాత్రలు కూడా ఆ పని చేయవు, అవి లోటును మాత్రమే పూడుస్తాయి.

ఉప్పు గురించి చెప్పినదాంట్లో సగం నిజముంది. ఆల్డోస్టిరాన్ లేకపోతే సోడియం మూత్రంలో పోతుంది కాబట్టి ఊరగాయ, ఉప్పు మిరపకాయలు, అప్పడాల మీదికి మనసు పోతుంది. నేను ఉప్పు కల్లును చప్పరించిన రోజులున్నాయి. రామగుండం, రెంటచింతల వైపు ఎండలు మండే వేసవిలో మాలాంటివారు ఉప్పు కాస్త ఎక్కువే తీసుకోవాలి, ఫ్లూడ్రోకార్టిసోన్ మోతాదు పెంచాలేమో డాక్టరును అడగాలి. కానీ సైంధవ లవణమైనా, సముద్రపు ఉప్పైనా ప్రధానంగా సోడియం క్లోరైడే, హార్మోన్ కాదు. ఇక్కడే మరో జాగ్రత్త: నీరసంగా ఉన్న మనిషికి మనవాళ్ళు వెంటనే పట్టించే కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది. వైద్యం మొదలవని అడిసన్ రోగికి పొటాషియం అప్పటికే పెరిగి ఉంటుంది, అది ఇంకా పెరిగితే గుండె లయ తప్పవచ్చు.

నాలుగోది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది, మెల్లగా మానేయవచ్చన్న మాట. ఆరోగ్యవంతుడికి జ్వరం వస్తే అడ్రినల్ తనంతట తానే కార్టిసాల్ ఉత్పత్తిని పెంచుతుంది. మాకు ఆ వీలు లేదు. అందుకే జ్వరం వచ్చినప్పుడు మేము మాత్రల మోతాదును రెండు మూడు రెట్లు పెంచుకోవాలి, తగ్గాక మామూలు మోతాదుకు రావాలి. పన్ను పీకించుకున్నా మోతాదు పెంచాల్సిందే; ఆపరేషన్‌కూ, కాన్పుకూ ఆసుపత్రిలో ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఏకాదశికో, రంజాన్‌కో ఉపవాసం ఉండదలచినవారు మాత్రల వేళల గురించి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి, మాత్ర మాత్రం మానకూడదు. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే అది అత్యవసర పరిస్థితి. రక్తపోటు పడిపోతుంది, సోడియం తగ్గుతుంది, చక్కెర తగ్గుతుంది, మనిషి మగతలోకి జారిపోతాడు. వైద్యం అందుతున్న రోగుల్లో కూడా ఏటా ప్రతి వంద మందిలో ఆరు నుంచి ఎనిమిది మంది దాకా ఈ సంక్షోభంలో పడుతున్నారని ఐరోపా అధ్యయనాలు చెబుతున్నాయి. మాత్ర పూర్తిగా మానేసినవారికి అది ఎప్పుడైనా రావచ్చు.

అప్పుడు కావలసింది 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, సెలైన్. మా ఇంట్లో ఆ చిన్న సీసా, డిస్టిల్డ్ వాటర్, సిరంజి ఒకే డబ్బాలో ఉంటాయి. సీసాలోని తెల్లటి పొడిలోకి నీళ్ళు ఎక్కించి, పూర్తిగా కరిగేదాకా కదిపి, తొడ బయటివైపు కండలోకి గుచ్చడం మావారికీ, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయికీ నర్సు దగ్గర నేర్పించాం. ఆయాసానికీ, అలర్జీకీ వాడే మందే కాబట్టి చిన్న నర్సింగ్ హోముల్లో కూడా ఈ ఇంజెక్షన్ సాధారణంగా దొరుకుతుంది. దొరకనిదల్లా, వాంతులతో పడిపోయిన మనిషికి అది వెంటనే కావాలని చెప్పగలిగే నోరు. పర్సులో జబ్బు పేరు, మందు పేరు, మోతాదు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిన కార్డు పెట్టుకోమని నేను అందరికీ చెప్పేది అందుకే.

క్షయ, థైరాయిడ్ విషయాలు ఆ సందేశంలో లేకపోయినా ఇక్కడ చెప్పక తప్పదు. క్షయకు వాడే రిఫాంపిసిన్ మాత్ర కార్టిసాల్‌ను ఒంట్లో వేగంగా ఖర్చు చేయిస్తుంది, అడ్రినల్ దెబ్బతిన్నవారికి అది సంక్షోభాన్ని తెచ్చిపెట్టగలదు. వైద్యం లేని అడిసన్‌లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్షలో చూసే హార్మోన్) కొంచెం పెరగడమూ మామూలే. దాన్ని చూసి కార్టిసాల్ లోటు తీర్చకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది.

చివరిగా, బాగుపడినవారి అనుభవాలు. అవి చెప్పినవాళ్ళందరూ అబద్ధం ఆడుతున్నారని నేను అనను. వారిలో ఎక్కువమందికి అడిసన్ జబ్బు ఎప్పుడూ లేదు. అలసట ఉండేది, నిద్రా తిండీ కుదురుకున్నాక తగ్గింది. మరికొందరు వేరే జబ్బుకు చాలాకాలం స్టెరాయిడ్ వాడడం వల్ల అడ్రినల్ నిద్రపోయినవారు. వారికి గ్రంథి ఉంటుంది కాబట్టి, డాక్టరు పర్యవేక్షణలో మోతాదు తగ్గించుకుంటూ వస్తే నెలల్లో అది తిరిగి మేలుకోవచ్చు. నశించిన గ్రంథికి ఆ అవకాశం లేదు. ఇంకో రకం కూడా ఉంది: పేరూ ఊరూ లేని చూర్ణాల్లో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిపి అమ్మిన ఉదంతాలు మన దేశంలో వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఆ పొడితో ఒళ్ళు తేలికపడిందంటే, వద్దనుకున్న స్టెరాయిడే కొలత తెలియకుండా లోపలికి వెళుతూ ఉండవచ్చు. తనకున్నది ఏ రకమో తేల్చుకోవాలనుకునేవారు ఉదయం 8 గంటల ప్రాంతంలో రక్తమిచ్చి కార్టిసాల్, ఏసీటీహెచ్ పరీక్షలు చేయించుకోవాలి, అవసరమైతే ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల వైద్యనిపుణుడు) ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి చేసే పరీక్ష రాస్తారు. స్టెరాయిడ్ కానీ, ఏదైనా పొడి కానీ వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పాలి, పరీక్ష కోసమని సొంతంగా మాత్ర ఆపి వెళ్ళకూడదు. మనిషి వాంతులతో, పడిపోయిన రక్తపోటుతో ఉంటే మాత్రం రిపోర్టు కోసం ఆగకుండా ముందు హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాతే మిగతావి చూస్తారు.