బల్లి శాస్త్రానికి అనుబంధంగా హ్యాకర్ శాస్త్రం

పంచాంగంలో బల్లి శాస్త్రం ఎప్పట్నుంచో ఉంది. కుడి భుజం మీద పడితే ఒక ఫలితం, ఎడమ భుజం మీద పడితే ఇంకోటి, మగవాళ్ళకి వేరు ఆడవాళ్ళకి వేరు, పెద్దలు అంత ఓపిగ్గా రాసిపెట్టారు. కానీ కంప్యూటర్ మౌస్ దానంతటదే కుడిపక్కకి పాకితే ఏం జరుగుతుందో రాసిన మహానుభావుడు ఒక్కడూ లేడు. ఈ లోటు వల్ల జాతికి ఎంత నష్టమో మా బాబాయ్‌ని చూస్తే తెలుస్తుంది. అందుకే ఈ చిన్న ప్రయత్నం, వచ్చే ఉగాదికల్లా పంచాంగకర్తలు ఒక పేజీ కేటాయిస్తారని మనవి.

బాబాయ్ తణుకులో రిటైర్డ్ హెడ్మాస్టారు. ఆయనకో డెస్క్‌టాప్ ఉంది, దాని వయసు అడక్కూడదు. నెలకి రెండుసార్లు దాన్ని ఎవడో ఒకడు హ్యాక్ చేస్తాడు. "ఒరేయ్, మళ్ళీ దిగాడ్రా వాడు" అని నాకు ఫోనొస్తుంది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, అంటే టెస్టింగ్, అదీ ఇన్సూరెన్స్ ఫారాలు సరిగ్గా సేవ్ అవుతున్నాయా లేదా చూసే పని, కానీ కంచి బల్లిని ముట్టుకున్నవాణ్ణి ముట్టుకున్నా చాలు దోషం పోతుందన్నట్టు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాడు ఫోన్లో హలో అన్నా చాలు హ్యాకర్ పారిపోతాడని మా చుట్టాలందరి నమ్మకం.

మొన్న సంక్రాంతి ముందు జరిగిన దాడి చూడండి. ఏ సైట్ తెరిచినా "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని హెచ్చరిక. బాబాయ్ వెంటనే రూటర్ పీకేశాడు, టీవీ పీకేశాడు, ఎందుకైనా మంచిదని మిక్సీ కూడా పీకేశాడు, దాంతో పిన్ని ఇడ్లీ పిండి ఆగిపోయింది. నేను అడిగింది ఒక్కటే, తెర మీద కింద మూల తేదీ ఎంత చూపిస్తోంది అని. 2009 జనవరి 1 అట. మదర్‌బోర్డు, అంటే కంప్యూటర్ లోపలి పెద్ద బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్2032 అంటారు, అది అయిపోతే కరెంటు తీసినప్పుడల్లా కంప్యూటర్ తేదీ మర్చిపోయి పాతకాలానికి వెళ్ళిపోతుంది, సైట్లు అసలైనవేనని చూపించే సర్టిఫికెట్లకేమో ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువు ఉంటుంది, 2009లో కూర్చుని చూస్తే అవన్నీ ఇంకా పుట్టనే లేదు కాబట్టి బ్రౌజర్ నమ్మదు. బిళ్ళ మారిస్తే అయిపోయింది. ఈ మాట చెప్తే బాబాయ్ చిన్నబోయాడు, ఫోన్లోనే తెలిసిపోయింది. బిళ్ళ అయిపోయిందంటే ఏం గౌరవం చెప్పండి, అదే హ్యాకర్ అంటే ఎక్కడో చైనాలో ఒకడు నిద్ర మానుకుని తణుకు పెన్షనర్ కరెంటు బిల్లుల ఎక్సెల్ షీట్ కోసం తపించిపోతున్నట్టు లెక్క.

ఇక శాస్త్రంలోకి వద్దాం. షిఫ్ట్ ఐదుసార్లు నొక్కాక టింగుమని ఒక పెట్టె వచ్చిన యెడల అది స్టిక్కీ కీస్, అనగా రెండు మీటలు ఒకేసారి నొక్కలేనివారికి పెట్టిన సౌకర్యము, నో అని నొక్కిన దోషము తొలగును. కొత్త అక్షరం కొట్టినప్పుడల్లా దాని కుడిపక్కనున్న పాత అక్షరం మాయమైన యెడల ఇన్సర్ట్ కీ మీద చెయ్యి పడినది, హ్యాకర్‌కి మీ అక్షరాలు తినే అలవాటు లేదు. కుడిపక్క అంకెల మీటలతో అంకెలు పడకపోతే నమ్‌లాక్ మీట ఆగిపోయినది. తెర తలకిందులైన యెడల సెలవులకి మనవడు వచ్చినట్టు తెలియవలెను, కంట్రోల్, ఆల్ట్, బాణం కలిపి నొక్కితే పాత కంప్యూటర్లు చాలావాటిలో తెర తిరిగిపోయేది, వాళ్ళకి అది ఎవరు నేర్పుతారో మాత్రం నాకు తెలీదు. మౌస్ పాకడం గురించి మొదట్లో అడిగాను కదా, అద్దం బల్ల మీద పెట్టారేమో చూడండి, కింద లైటు అద్దంలోంచి పోతే దానికి దారి తెలీదు. అర్ధరాత్రి రెండింటికి కంప్యూటర్ దానంతటదే వెలిగితే విండోస్ అప్‌డేట్ కావచ్చు, గుండె చిక్కబట్టుకోండి. అసలు తెరే రాకుండా లోపల్నుంచి బీప్ బీప్ అంటుంటే చాలాసార్లు ర్యామ్, అంటే కంప్యూటర్ జ్ఞాపకశక్తి పలక, షాపు కుర్రాడు దాన్ని పీకి, పిల్లలు పెన్సిల్ చెరిపే రబ్బరుతో ఆ బంగారు పళ్ళు రుద్ది మళ్ళీ పెడతాడు, మూడొందలు తీసుకుంటాడు. రబ్బరు ఖరీదు అడిగితే వాడికి కోపం.

ఇదంతా బాబాయ్ ఒక్కడి జబ్బని అనుకోకండి. 2024 జూలై 19న ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరేసుకుని కూర్చుంటే, శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిస్తుంటే, మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మూడో ప్రపంచ యుద్ధం మొదలైపోయింది, రష్యానా చైనానా అన్నది మాత్రం తేలలేదు. తీరా చూస్తే క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ పంపిన అప్‌డేట్‌లో తప్పు. 21 గళ్ళున్న ఫారానికి వాళ్ళ ప్రోగ్రామ్ 20 జవాబులే ఇచ్చింది, లేని ఇరవయ్యొకటో దాని కోసం చెయ్యి పెట్టి విండోస్ కూలిపోయింది. ఫారాలు టెస్ట్ చేసేవాణ్ణి కాబట్టి ఆ రోజు నాకు కలిగిన ఆనందం బయటికి చెప్పుకోలేను. ఇంకో ముచ్చట ఏంటంటే ఆ సాఫ్ట్‌వేర్ పెట్టుకుందే హ్యాకర్ల నుంచి కాపాడుకోడానికి.

పాతకాలం వాళ్ళకి ఈ భేషజం లేదు. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 అనే తొలినాళ్ళ కంప్యూటర్ సరిగ్గా పనిచెయ్యకపోతే విప్పి చూశారు, రిలేలో, అంటే కరెంటుతో కదిలే స్విచ్‌లో, రెక్కల పురుగు ఇరుక్కుని ఉంది, దాన్ని టేపేసి లాగ్ పుస్తకంలో అంటించి నిజంగా పురుగు దొరికిన మొదటి కేసు అని రాసుకున్నారు, అంతే. యంత్రంలో లోపాన్ని బగ్, అంటే పురుగు, అనడం అంతకుముందే వాడుకలో ఉంది, దానికి శవం దొరకడమే కొత్త. మన దగ్గరైతే ఆ పురుగుని పంపించిన దేశం పేరు సాయంత్రం చర్చలో తేల్చేవాళ్ళు.

పైగా హ్యాక్ అనే మాటకి పాపాలు కడిగే గుణం ఉంది. రాత్రి నాయకుడు ఏదో పోస్టు పెడతాడు, పొద్దున్నే గొడవవుతుంది, మధ్యాహ్నానికి అకౌంట్ హ్యాక్ అయిందని ప్రకటన. నాయకుడి శైలి, నాయకుడి అచ్చుతప్పులు అన్నీ పొల్లుపోకుండా నేర్చుకున్న ఆ హ్యాకర్ ఎవరో గానీ పీఏగా పెట్టుకోవాల్సినంత ప్రతిభ.

మరి అసలు హ్యాకర్ ఎలా వస్తాడు అంటే, చప్పుడు చెయ్యడు. 2022 జనవరిలో హైదరాబాద్‌లో ఒక సహకార బ్యాంకు నుంచి 12 కోట్ల పైనే లాగేశారు, ఉద్యోగులకి వచ్చిన దొంగ మెయిళ్ళు తెరవడంతోనే లోపలికొచ్చారని పోలీసులు తేల్చారు. తెర తలకిందులు కాలేదు, మౌస్ పాకలేదు. మీరు అడగని ఓటీపీ రావడం, వాట్సాప్ లింక్డ్ డివైసెస్‌లో మీది కాని కంప్యూటర్ కనపడటం, జీమెయిల్‌లో ఎక్కడో ఊరు నుంచి లాగిన్ అయ్యారని రావడం, "డబ్బులు కావాలన్నావంట ఏంటి" అని స్నేహితుడు ఫోన్ చెయ్యడం, దడుచుకోవాల్సింది వీటికి. వీటికి మాత్రం ఎవరూ మిక్సీ పీకరు.

బాబాయ్ కూడా పీకలేదు. మాఘమాసంలో ఆయన ఫోన్‌కి తెలిసినవాళ్ళ నంబర్ నుంచి పెళ్ళి శుభలేఖ వచ్చింది, చివర డాట్ ఏపీకే అని ఉంది, అంటే అది కార్డు కాదు, ఫోన్లోకి ఎక్కే యాప్. ఇది తెలీని యాప్, ప్రమాదం కావచ్చు అని ఫోన్ అడిగింది, అలౌ నొక్కాడు. ఎస్సెమ్మెస్‌లు చదవనివ్వాలా అంది, దానికీ అలౌ. ఎందుకు నొక్కావు బాబాయ్ అంటే "మనవాళ్ళ పెళ్ళిరా, వద్దంటే ఏం బాగుంటుంది" అన్నాడు. సాయంత్రానికి ఖాతాలో పద్ధెనిమిది వేలు లేవు. అప్పుడైనా హ్యాకర్ పేరెత్తాడా? లేదు. "బ్యాంకోళ్ళ సర్వర్ డౌన్ అయ్యుంటుంది, రేపటికి సర్దుకుంటుందిలే" అని పడుకున్నాడు. జీవితంలో మొదటిసారి నిజం హ్యాకర్ వస్తే మామూలు ఫాల్ట్ అని తేల్చిన ఘనత ఆయనది. పొద్దున్న మెసేజీలు చూసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసింది పిన్ని. రాత్రే చేసుంటే డబ్బు దారిలోనే ఆపే వీలు ఎక్కువుండేది, ఏడు వేలు మాత్రం ఆగాయి.

పోయిన వారం మళ్ళీ ఫోన్. డెస్క్‌టాప్ అసలు ఆన్ అవ్వట్లేదు, ఈసారి వాడు కరెంటు సప్లైలోకే దూరాడ్రా అన్నాడు. షాపు కుర్రాణ్ణి పిలిపించమన్నాను. వాడొచ్చి పవర్ సప్లై డబ్బా విప్పితే లోపల బల్లి, మాడి అప్పడంలా అయిపోయి ఉంది. హమ్మయ్య హ్యాకర్ కాదు కదా అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు, పిన్ని పంచాంగం పేజీలు తిప్పుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"ఒరేయ్, ఆ కుర్రాణ్ణి అడిగి చెప్పు, అది ఫ్యాన్‌కి కుడివైపు పడిందా ఎడమవైపా?"