మినుము వేరును కాపాడవలసింది వేసవిలో

గోదావరి డెల్టాలో దాళ్వాకు (రబీ వరికి) నీరు అందని శివారు ఆయకట్టుకు మినుము, పెసరే రెండో పంట. సార్వా (ఖరీఫ్) వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు ఇంకా చేలో నిలిచి ఉండగానే, బురద పదును మీద విత్తనం చల్లుతారు. దుక్కి ఉండదు, తడి పెట్టడం ఉండదు. నల్లనేలలో మిగిలిన తేమ, రాత్రి కురిసే మంచు, అంతే. ఇంత తక్కువ ఖర్చుతో వచ్చే పంట వరిలో పోయినదాన్ని కొంతైనా పూడుస్తుందని కౌలు రైతు ఆశ పెట్టుకుంటాడు. ఆ పైరు పూత, పిందె దశలో ఇక్కడ నాలుగు మొక్కలు, అక్కడ పది మొక్కలుగా వడలి, చివరికి గుంపులు గుంపులుగా ఎండిపోతుంటే చూస్తూ నిలబడవలసి వస్తోంది. ఎండిన మొక్కను పట్టుకుంటే చాలు, సులువుగా ఊడి వస్తుంది. వేరు బెరడు నారగా చీలిపోయి, లోపల మిరియాల పొడి చల్లినట్లు నల్లని చుక్కలు కనిపిస్తాయి. అది ఎండు వేరుకుళ్లు తెగులు.

అప్పటికి చేయగలిగింది దాదాపు ఏమీ మిగలదు. కార్బెండజిమ్ గానీ కాపర్ ఆక్సీక్లోరైడ్ గానీ నీటిలో కలిపి మొదళ్లు తడిసేలా పోయాలని సిఫార్సు ఉంది. వరుసల్లేకుండా ఒత్తుగా చల్లిన చేలో, చుక్క నీరు లేని ఫిబ్రవరిలో, ఎన్ని వందల బిందెల మందునీళ్లు ఎక్కడినుంచి తెచ్చి ఏ మొదట్లో పోయాలి? నేలలో ఉన్న శత్రువును పైరు మీద నుంచి తరిమే ప్రయత్నం ఇది. నేలలో పుట్టే తెగులుకు నేలలోనే, అదీ పైరు లేనప్పుడే, వైద్యం జరగాలన్నది మా దృఢాభిప్రాయం. ఆ వైద్యం పచ్చిరొట్టను నేలలో కలియదున్నడం. దానికి కావలసిన సరుకు డెల్టాలో కొదవలేకుండా ఉంది. జీలుగ, జనుము, పిల్లిపెసర, గట్ల మీది కానుగ, గ్లైరిసిడియా రొట్ట, చివరికి కాలువలకు అడ్డం పడే గుర్రపుడెక్క కూడా.

తెగులు గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే వైద్యం తర్కం అందులోనే ఉంది. ఎండు వేరుకుళ్లుకు కారణం మాక్రోఫోమినా ఫేసియోలినా అనే శిలీంధ్రం. 500కు పైగా మొక్కల జాతులను ఇది ఆశించగలదు. కాబట్టి ఒక ఏడు పంట మార్చినంత మాత్రాన ఆకలితో చచ్చేది కాదు. కుళ్లిన వేర్లలో నల్లని గట్టి గుళికలుగా మారి నేలలో పడి ఉంటుంది. పొడి నేలలో ఆ గుళికలు ఏళ్ల తరబడి బతుకుతాయి. నీరు నిలిచిన నేలలో మాత్రం కొన్ని వారాలకు మించి నిలవలేవు. అంటే సార్వా వరి చేలో మూడు నెలలు నిలిచే నీరు రైతుకు తెలియకుండానే ఆయన మినుముకు కాపలా కాస్తోంది. అయినా తెగులు వస్తోంది. కారణం, ఈ శిలీంధ్రం విత్తనంతోనూ ప్రయాణిస్తుంది. నీళ్లు ఎక్కని గట్లమీదా మెరకలమీదా దాక్కుంటుంది. పదును ఆరి, నేల నెర్రెలిచ్చి, ఎండ ముదిరేసరికి దాడి మొదలవుతుంది. వరే లేని లంక భూముల్లోనూ పైనున్న మెట్ట మండలాల్లోనూ ఈ నీటి కాపలా అసలే లేదు.

వరి నుంచి పప్పు పైరుకు వారసత్వంగా వచ్చే తెగులు మరొకటి ఉంది. వరిలో పాముపొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా సొలానీ జాతి శిలీంధ్రమే మినుము, పెసరల్లో వేరుకుళ్లుకూ ఆకులను అల్లుకుపోయే ఎండు తెగులుకూ కారణమవుతుంది. పాముపొడ సోకిన వరి దుబ్బుల మధ్యే మనం మినుము చల్లుతున్నాం. రెండు పంటలను రెండు వేర్వేరు శాఖల పుస్తకాలుగా చదివినంత కాలం ఈ సంబంధం కంటికి ఆనదు.

పచ్చిరొట్ట ఎరువుకు నత్రజని ఇచ్చే సాధనంగానే మన వ్యవసాయ ప్రచారంలో చోటు దక్కింది. ఏపుగా పెరిగిన జీలుగను పూత దశలో కలియదున్నితే యూరియా బస్తాలు ఎన్ని మిగులుతాయన్నదే లెక్క. తెగులు వైపు నుంచి దాని విలువ ఇంకా పెద్దది. రొట్ట కుళ్లేటప్పుడు నేలలోని మంచి సూక్ష్మజీవులు ఎన్నో రెట్లు పెరిగి, తెగులు శిలీంధ్రానికి తిండీ చోటూ దక్కకుండా చేస్తాయి. ఆశించడానికి మొక్క లేని వేళ మొలకెత్తిన శిలీంధ్ర గుళికలు వాటికి ఆహారమై నశిస్తాయి. దమ్ము చేసి, అంటే నీటిలో బురదగా దున్ని, నీరు నిలిపిన నేలలో మరో మార్పు జరుగుతుంది. గాలి అందని బురదలో రొట్ట పులిసి సేంద్రియ ఆమ్లాలు పుడతాయి, అవి శిలీంధ్రాలకు విషం. జపాన్, నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2000 ప్రాంతంలో నేలలో సేంద్రియ పదార్థం కలిపి, తడిపి, ప్లాస్టిక్ పట్టా కప్పి చేసిన పద్ధతి ఇదే. వాళ్లు పట్టా కొనాలి. డెల్టా రైతుకు ఆ పని కాలువ నీరు చేసిపెడుతుంది. జీలుగను దమ్ములో తొక్కిన మన పెద్దలకు దాని రసాయన శాస్త్రం తెలియకపోయినా పని మాత్రం సరిగ్గానే చేశారు.

నీరు నిలపలేని లంకలకు, మెట్టకు ఇంకో దారి ఉంది. ఆవ జాతి మొక్కలను నలిపి నేలలో కలిపినప్పుడు ఘాటైన ఐసోథయోసయనేట్ వాయువులు వెలువడతాయి. ఆవపిండి ముక్కులకెక్కడానికి కారణమూ అవే. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆవ జాతి పంటల వ్యర్థాలను నేలలో కలిపి, మండువేసవిలో ఒక్క తడి ఇచ్చి ఎండకు వదిలి, మాక్రోఫోమినాను బాగా తగ్గించగలిగారు. ప్లాస్టిక్ పట్టా లేకుండానే ఆ ఫలితం వచ్చిందన్నది చిన్న రైతుకు ముఖ్యమైన సంగతి. రాజస్థాన్ ఇసుక నేలకు పనికొచ్చిన మోతాదు గోదావరి ఒండ్రుకు అలాగే సరిపోతుందని మేము అనడం లేదు. లంకల్లో ఆవ పైరు పెంచడం కన్నా నూనె తీసిన ఆవపిండిని వాడడం తేలిక కావచ్చు. అది ఇక్కడి చేలల్లో ప్రయోగం చేసి తేల్చవలసిన పని.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పచ్చిరొట్ట వేసిన వెంటనే విత్తనం వేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. అప్పుడప్పుడే కుళ్లుతున్న రొట్ట మీద మొలకకుళ్లు కలిగించే పిథియం విజృంభిస్తుంది. సగం కుళ్లిన చెత్త నేల పైపొరలో ఉంటే మొదలుకుళ్లు తెచ్చే స్క్లెరోషియం రోల్ఫ్‌సై దాని మీదే బలుస్తుంది. రొట్టను లోతుగా కలిపి రెండు మూడు వారాలు మాగనివ్వాలి. వరిగడ్డిని అలాగే కలియదున్నినా చిక్కే. కర్బనం మరీ ఎక్కువ, నత్రజని మరీ తక్కువ కావడంతో పైరుకు అందవలసిన నత్రజనిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులే లాగేసుకుంటాయి. గడ్డిని, గుర్రపుడెక్కను పేడతో కలిపి కంపోస్టు చేసి వేయాలి. తెగులు శిలీంధ్రాలను అణచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా విరిడి 2 కిలోలను 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తడి ఆరకుండా వారం పది రోజులు ఉంచి ఎకరానికి చల్లాలన్న సిఫార్సు ఏళ్లుగా ఉన్నదే. సేంద్రియ పదార్థం లేని నేలలో ట్రైకోడెర్మా పొట్లం చల్లడం మాత్రం డబ్బు దండగ. ఆ మేలు శిలీంధ్రానికీ తిండి కావాలి కదా.

ఇక అసలు చిక్కు. వరిలో చల్లే మినుముకు దుక్కే లేదు కాబట్టి రొట్ట కలపడానికి ఆ సమయంలో అవకాశం లేదు. ఆ పని సార్వా నాట్లకు ముందే జరిగిపోవాలి. జీలుగకు కావలసింది ఆరేడు వారాలు. మే నెల జల్లులకే విత్తనం పడితే జూలై నాట్లకు రొట్ట సిద్ధమవుతుంది. జూన్ నడిమికి విత్తనం చేతికొస్తే ఎవరూ వేయరు. రాయితీ మీద ప్రభుత్వం ఇచ్చే జీలుగ, జనుము విత్తనం విలువ అది గ్రామానికి చేరిన తేదీ మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ ఆరేడు వారాల్లో భూమి ఎవరిది? డెల్టాలో సాగులో పెద్ద భాగం కౌలు రైతుల చేతిలో ఉంది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే సాగు హక్కు కార్డు గడువు 11 నెలలు. పాత కౌలు ముగిసి కొత్త కౌలు కుదిరే సందులోనే పచ్చిరొట్ట కాలం వస్తుంది. వచ్చే ఏడు తన చేతిలో ఉంటుందో లేదో తెలియని పొలానికి ఏ కౌలు రైతు జీలుగ వేస్తాడు? భూమి యజమానికి ఆ బాధ్యత పట్టదు. నేల ఆరోగ్యం ఎవరికీ చెందని ఆ సందులో జారిపోతోంది. సాగు హక్కు కనీసం మూడేళ్లు ఉండేలా కౌలు ఒప్పందాలను ప్రోత్సహించాలనీ, అంతవరకు వేసవి పచ్చిరొట్ట విత్తనాన్ని ఆ పొలం సాగుదారు ఎవరన్న పేచీ లేకుండా అడిగిన వారికల్లా ఇవ్వాలనీ మేము కోరుతున్నాం.

కోత యంత్రాలు వచ్చాక గడ్డి తగలబెట్టడం డెల్టాలోనూ పెరిగింది. మంట పైపొరలోని కొన్ని శిలీంధ్రాలను చంపినా వాటిని అదుపులో ఉంచే జీవాన్నీ తగలబెడుతుంది. నేలకు దక్కవలసిన కర్బనం పొగగా పోతుంది. జరిమానాల కన్నా ముందు మోపులు కట్టే యంత్రం ఊరికొకటి కావాలి. కాలువలు కట్టేసిన వేసవి రోజుల్లో తీసే గుర్రపుడెక్కను గట్టు మీదే వదిలేయకుండా కంపోస్టు గుంతలకు చేర్చే పని ఉపాధి హామీలో పెట్టవచ్చు.

మారుటేరు వరి పరిశోధన స్థానం, ఉండి కృషి విజ్ఞాన కేంద్రం, గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన స్థానం పరిశోధకులు కలిసి శివారు ఆయకట్టులో, లంకల్లో రైతుల పొలాల్లోనే మూడేళ్ల ప్రయోగాలు పెట్టాలి. జీలుగ వేసి దమ్ము చేసిన మడి, వేయని మడి, ఆవపిండి వేసిన మడి పక్కపక్కనే ఉండాలి. ఫిబ్రవరిలో వేర్లు పీకి చూసి లెక్క కట్టాలి. నవధాన్యాల మిశ్రమాలు వేసే ప్రకృతి సాగు రైతులనూ ఇందులో కలుపుకోవాలి. వేరుకుళ్లు బలంగా ఉన్న చేలో ఆ మిశ్రమంలో పప్పు జాతులు తగ్గించి ఇతర గింజలు పెంచడం మేలా అన్నది వారి పొలాల్లోనే తేలుతుంది. వ్యవసాయ శాఖ ఈ ఏడాది పచ్చిరొట్ట విత్తనం ఇండెంట్లను (ఎంత కావాలన్న లెక్కలను) మార్చిలోనే ఖరారు చేసి, ఏప్రిల్ ఆఖరుకు రైతు సేవా కేంద్రాల్లో బస్తాలు దించాలి.