ముందు పీకాలా, ముందు రాయాలా?

బెంగళూరు మారతహళ్ళిలో కొన్ని తెలుగు కుటుంబాలు ఆదివారాలు కలుస్తుంటాయి. ఈసారి వాదోపవాదం పెట్టుకున్నాం. మన చెరువు గట్టును ఆక్రమిస్తున్న పరాయి మొక్కల్ని చూసిన వెంటనే పీకేయాలా, లేక ముందు ఎక్కడెక్కడ ఎంతెంత ఉన్నాయో రాసిపెట్టాలా? పీకాలనే పక్షం వెంకట్రెడ్డి గారిది. మదనపల్లె దగ్గర సేద్యం చేసి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నారు. రాయాలనే పక్షం మాధవిది. శాటిలైట్ చిత్రాలు చదవడం ఆమె ఉద్యోగం. మధ్యవర్తిని నేను. నిష్పక్షపాతంగా ఉంటానని ఎవరికీ మాటివ్వలేదు.

వెంకట్రెడ్డి: వయ్యారిభామ మొలిచిన నెలకే పూతకొస్తుంది. ఒక్క మొక్క 15, 20 వేల గింజలు రాలుస్తుంది. మీరు ఫొటో తీసి, మ్యాప్‌లో పిన్ను పెట్టి, మీటింగ్ పెట్టుకునేలోపు దాని పని అది కానిచ్చేస్తుంది. చేలో కలుపు కనిపిస్తే రైతు తీస్తాడు గానీ పుస్తకంలో రాసుకుంటాడా?

మాధవి: మీ చేను మీ చేతిలో ఉంటుంది అంకుల్. ఇక్కడ ఎవరో కట్టే బిల్డింగు కోసం టిప్పర్ తెచ్చి పోసే మట్టిలోనే గింజలు వస్తాయి. పోయిన వానాకాలంలో గేటు దగ్గర పీకాం. ఈ ఏడూ అక్కడే పీకాం. తగ్గిందంటారా?

వెంకట్రెడ్డి: పెరిగినట్టే అనిపిస్తోంది.

మాధవి: నాకు తగ్గినట్టు అనిపిస్తోంది. ఎవరు చెప్పింది నమ్మాలి?

వెంకట్రెడ్డి: మీ శాటిలైట్‌ను అడుగు. పైనుంచి అన్నీ కనిపిస్తాయంటారుగా.

మాధవి: అన్నీ కనిపించవు. ఉచితంగా దొరికే సెంటినెల్-2 శాటిలైట్ చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల చదరం. ఐదు రోజులకోసారి వస్తుంది, మబ్బు పడితే అదీ పనికిరాదు. గుర్రపు డెక్క నీళ్ళ మీద పరుచుకుంటుంది కాబట్టి ఎటు పాకిందో తెలుస్తుంది. గడ్డిలో కలిసిపోయిన వయ్యారిభామ తెలియదు. బన్నేరుఘట్ట అడవిలో చెట్ల కింద ఉన్న లంటానా పొద కూడా సరిగా దొరకదు. నడిచి చూడాల్సిందే.

వెంకట్రెడ్డి: నడిచేదెవరు? మన వాట్సాప్ గ్రూపులో పెట్టిన మ్యాప్ చూశాను. పిన్నులన్నీ వాకింగ్ ట్రాక్ పక్కనే. టీ బండి దగ్గర మరీ ఎక్కువ. అవతలి ఒడ్డున ఒక్కటీ లేదు. అక్కడ మొక్కల్లేవా, మనుషులు పోలేదా? మీరు ఎక్కడ తిరుగుతారో చెప్పే మ్యాప్ తల్లీ అది!

(అందరూ నవ్వారు. నా లెక్కలో ఆ పూట గట్టి దెబ్బ ఇదే. మాధవి కూడా తప్పించుకోవాలని చూడలేదు.)

మాధవి: నిజమే. అందుకే కనిపించిన చోటల్లా ఫొటో తీయమనడం లేదు. చెరువు చుట్టూ, అవతలి ఒడ్డుతో సహా, కొన్ని చోట్లు ముందే ఎంచుకుని గుర్తు రాళ్ళు పాతుదాం. ప్రతిచోటా మీటరు చదరంలో తాడు పరిచి, లోపల ఏ మొక్కలు ఎన్ని ఉన్నాయో రెండు నెలలకోసారి రాద్దాం. లేకపోతే ‘లేదు’ అని రాయాలి. ఈసారి లేదని రాసిన చోట వచ్చేసారి నాలుగు మొక్కలు కనిపిస్తే ఐదు నిమిషాల్లో తీసేయొచ్చు.

వెంకట్రెడ్డి: 1984లో ఈ ఊళ్ళోనే వయ్యారిభామ మీదికి మెక్సికో పెంకు పురుగును వదిలారు. అది ఆకులు తినుకుంటూ పోయింది. దానికేం తాళ్ళు పరిచారా?

మాధవి: వదిలాక కూడా కనిపెట్టుకునే ఉన్నారు. 1990ల్లో అదే పురుగు పొద్దుతిరుగుడును కొరుకుతోందని రైతులకు టెన్షన్ పట్టుకుంది. పక్కనున్న వయ్యారిభామ పుప్పొడి ఆ ఆకుల మీద పడటం వల్లే కొరుకుతోందని చూసినవాళ్ళే తేల్చారు. ఇంకోటి. ఒడ్డున పొన్నగంటి కూర అని మీరు పీకకుండా వదిలేసిన గుబురుందే, అది పొన్నగంటి కాదు.

వెంకట్రెడ్డి: నాకు పొన్నగంటి తెలీదా!

మాధవి: పొన్నగంటి పువ్వు ఆకు మొదట్లోనే అంటుకుని ఉంటుంది. దీని పువ్వు పొడవాటి కాడ చివర ఉంటుంది, కాండం విరిస్తే లోపల బోలు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఎలిగేటర్ వీడ్ ఇది. గబగబా పీకితే తెగిన కణుపులు నీళ్ళలో కొట్టుకుపోయి ఇంకోచోట నాటుకుంటాయి. ఎంతవరకు పాకిందో చూసుకుని, వల అడ్డం కట్టి, వేళ్ళతో సహా తీయాలి.

వెంకట్రెడ్డి: (కాస్త ఆగి) సరే, దానికి నీ పద్ధతే. మరి డెక్క? మురుగు వచ్చి పడుతున్నంతకాలం దాన్ని కొలిచి ఏం లాభం? కాంట్రాక్టరు మిషన్‌తో తీస్తాడు, బిల్లు తీసుకుంటాడు, అది మళ్ళీ నిండుతుంది.

మాధవి: ఆ బిల్లు దగ్గరే లెక్క పనికొస్తుంది. డెక్కకు మేత బాగా దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. తీసిన తేదీ, మళ్ళీ నిండిన తేదీ పక్కపక్కన పెడితే, డబ్బు మిషన్‌కు పెట్టాలా, ఎగువన మురుగు ఆపడానికి పెట్టాలా అని గట్టిగా అడగొచ్చు. ఇప్పుడు మన దగ్గర గొంతు తప్ప ఏముంది?

వెంకట్రెడ్డి: బాగానే ఉంది. నువ్వు రాసుకో, నీ వెనకే నేను పీకుతూ వస్తా. గ్లవ్స్, మాస్కు వేసుకునే లే. వయ్యారిభామతో దురద, ఆయాసం వస్తాయని నాకూ తెలుసు.

మాధవి: కొన్ని చదరాలు మాత్రం పీకకుండా వదలాలి.

వెంకట్రెడ్డి: ఏంటీ? కలుపును కావాలని పెంచుతారా?

మాధవి: వదలకపోతే, తగ్గింది మీరు పీకడం వల్లో, వానలు లేకో ఎలా తెలుస్తుంది?

(ఇక్కడ ఇద్దరూ కదల్లేదు. రాయడం విషయంలో మొదటినుంచీ నా మొగ్గు మాధవి వైపే. గింజ రాల్చనివ్వడం మాత్రం నాకూ మింగుడుపడలేదు. చదరాల్లో మొక్కలు ఉంచి, పూత రాగానే తుంచేద్దామన్నాను. మాధవి అయిష్టంగా తలూపింది.)

వెంకట్రెడ్డి: తుంచేది నేనే. ఆ చదరాలు మా బ్లాకు వైపు పెట్టకండి.