పొడుగు గొట్టాల కొత్తల్లుడు గారికి

ఇంజన్ పొగని బయటికి పంపే గొట్టాలైన హెడర్ల వారికి, డల్లస్ శివారులోని గ్యారేజీలో కారు కింద వెల్లకిలా పడుకుని మీ మామగారు రాయునది. ఉభయకుశలోపరి. కుశలం నాకేమీ లేదు గానీ, మర్యాద కోసం రాశాను.

మీ పెట్టె మీద "బోల్టులు బిగిస్తే చాలు" అని ఉంది. నమ్మాను. మాది 1967 ఫోర్డ్ మస్టాంగ్ కారు, 390 క్యూబిక్ అంగుళాల ఇంజన్. ఆ పెద్ద ఇంజన్ పట్టాలనే ఆ ఏడాది బానెట్ కింద చోటు పెంచారు. పెంచినా, రెండు పక్కలా సస్పెన్షన్ టవర్లు భుజాలు ఆనించి నిలబడే ఉన్నాయి. ఆ సందులోనే మీకు ముందున్న పోత ఇనుము పొగ గొట్టం, అదే మానిఫోల్డ్, ఇన్నేళ్లూ కిక్కురుమనకుండా కాపురం చేసింది. బరువే, మోటే, ఒప్పుకుంటాను. ఒక్కో పక్క నాలుగు సిలిండర్ల పొగా ఒకే ఇరుకు గదిలో తోసుకునేది. మీరొచ్చి సిలిండర్‌కో గొట్టం, నాలుగూ చివర్లో ఒక కలెక్టర్‌లో కలుస్తాయి, ముందు పోయే పొగ వెనక దాన్ని లాక్కుపోతుంది అన్నారు. శాస్త్రం బాగుంది. పెళ్లికి ముందు అల్లుడి జాతకమూ బాగానే ఉంటుంది.

సంక్రాంతికి కొత్తల్లుడు వస్తే ముందు గది ఖాళీ చేస్తాం. మీకోసం నేను స్పార్క్ ప్లగ్గులు తీశాను. స్టార్టర్ దించాను. క్లచ్ లింకేజీ విప్పాను, స్టీరింగ్ రాడ్డు పక్కకు జరిపాను. అయినా మీరు గుమ్మం దాటలేదు. చివరికి మౌంటు బోల్టులు ఊడదీసి, ఆయిల్ పాన్ కింద చెక్క దిమ్మ పెట్టి, జాకీతో ఇంజన్‌నే పైకి లేపాను. అల్లుడు లోపలికి రావడానికి ఇంటి దూలాలు ఎత్తిన మామని మీరెక్కడైనా చూశారా?

ఇక ఎడమ వైపు వెనక బోల్టు. స్పానర్ పడితే తిరగదు, తిరిగే చోట స్పానర్ పట్టదు. దానికొక్కదానికే రెండు గంటలు. మధ్యలో మీ అత్తగారు కాఫీ తెచ్చి, బయట కనిపిస్తున్న నా కాళ్లతో మాట్లాడి వెళ్లింది. అది బిగించాక చూస్తే ఒక గొట్టం స్టీరింగ్ బాక్సుని రాసుకుంటోంది. తెలిసినవాళ్లని అడిగితే, "సుత్తితో ఓ సొట్ట పెట్టు, అందరూ చేసేదే" అన్నారు. పొగ సాఫీగా పోవాలని కొన్న గొట్టానికి నా చేత్తోనే సొట్ట పెట్టాను.

ఇంతా చేసి ఎన్ని గుర్రాలు తెచ్చారు? ఈ ఇంజన్‌కి అప్పట్లో కాగితం మీద 320 హార్స్‌పవర్. అది పాత గ్రాస్ లెక్క. కార్లో ఉండే సైలెన్సర్, ఆల్టర్నేటర్ లాంటి బరువులేవీ లేకుండా ఇంజన్‌ని స్టాండు మీద పెట్టి కొలిచేవాళ్లు. 1972 మోడళ్లతో గానీ అవన్నీ తగిలించి కొలిచే నెట్ లెక్క రాలేదు. అంటే మీరు తెస్తానన్న గుర్రాల్లో కొన్ని ఆ కాగితం మీద ఎప్పటినుంచో మేస్తున్నాయి. మిగిలినవి కూడా ఇంజన్ బాగా గింగిరాలు తిరిగితేనే కనబడతాయి. గుడి పార్కింగ్‌లో కనబడేది మీ కలెక్టర్ ఒక్కడే, ప్రతి స్పీడ్ బ్రేకర్‌నీ గీరుతూ. పేరుకి కలెక్టరే గానీ నేల విడిచి తిరగడు. పెట్రోలు బంకులో ఆపితే మీ వేడికి స్టార్టర్ సొమ్మసిల్లుతుంది. అది తేరుకునేదాకా నేను కారుని తుడుస్తున్నట్టు నటిస్తుంటాను.

మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు మీ నల్ల రంగు మాడి పొగలొస్తే, ఎదురింటాయన మంటలార్పే సిలిండర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. పొగ పల్చబడ్డాక ఆ గుడగుడ విని, సిలిండర్ పక్కన పెట్టి అక్కడే నిలబడిపోయాడు. నేనూ ఏమీ అనలేకపోయాను.

నిన్నటినుంచి ఎడమ పక్క టిక్ టిక్‌మంటోంది. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కితే తక్కువ. అతుకులో పొగ కారకుండా పెట్టే గాస్కెట్టే. ఏ బోల్టు వదులైందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. శనివారం పొద్దున్నే వస్తాను, అప్పటికి చల్లబడి ఉండండి.

ఇట్లు,
మీ మామగారు

తా.క. పాత మానిఫోల్డ్‌ని అమ్మలేదు. షెల్ఫ్ మీదే ఉంది. ఊరికే చెప్తున్నా.