నా ఎడమ కన్ను చేసిన నటన

నిన్న రాత్రి మా అత్తగారు ఫోను చేసి, "అల్లుడు గారూ, మీకంత కష్టం ఏమొచ్చిందండీ, మాతో ఒక్క మాటైనా చెప్పకూడదా?" అని గద్గదస్వరంతో అడిగేంత వరకు, నేను టీవీలో ఏడ్చానన్న సంగతి నాకే తెలియదు.

తోడల్లుడు ఇచ్చిన పాసు పట్టుకొని, ఆ మధ్య ఒక పాటల పోటీ చిత్రీకరణకు ప్రేక్షకుడిగా వెళ్ళిన మాట నిజం. తొమ్మిదింటికే రమ్మన్నారు గాని, మధ్యాహ్నం రెండయినా గాయకుల జాడ లేదు. ఈలోగా ఫ్లోర్ మేనేజరు ఖాళీ వేదికను చూపించి మా చేత చప్పట్లు కొట్టించాడు, లేపి నిలబెట్టాడు, "సార్, మీరు కొంచెం షాకవ్వండి" అన్నాడు. ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టుకున్నట్లు, మా ఆనందాశ్చర్యాలను ముందే జాడీలకెత్తుకుంటారన్న మాట.

అప్పుడు పులిహోర పొట్లాలు పంచారు. నా పొట్లంలో అన్నం కంటే ఎండుమిరపకాయలే ఎక్కువగా కనబడటం వల్ల, వాటిని ఒక్కొక్కటిగా ఏరి, వాటి పుట్టుపూర్వోత్తరాలు పరిశీలించి, పక్కన పెట్టాను. చేయి కడుక్కోవడానికి బయటకు వెళితే మళ్ళీ లోపలికి రానివ్వరట. చేతిరుమాలు ఉన్న సంచిని గేటు దగ్గరే లాక్కున్నారు. సరిగ్గా ఆ సమయంలో నా ఎడమ కన్ను దురద పెట్టింది. మనిషి జన్మలో చేయకూడని పనుల్లో ఒకటి నేను చేశాను. కన్ను చింతనిప్పయింది, ధారగా నీరు కారింది, ముక్కు కూడా సంఘీభావం ప్రకటించింది. కొంగ మెడలా వంగిన జిమ్మీ జిబ్ కెమెరా నెమ్మదిగా వచ్చి నా ముఖం ముందు ఆగింది. అప్పుడు వేదిక మీద ఉన్నది ఒక్క వడ్రంగి. చెక్కకు మేకు కొడుతున్నాడు.

నిన్న ప్రసారమైన భాగంలో మాత్రం, టిఫిన్ బండి నడిపి తనను పెంచిన తల్లిని తలుచుకొని ఒక కుర్రవాడు గొంతు పెగలక ఆగిపోగానే, వయొలిన్ల నేపథ్యంలో, స్లో మోషన్‌లో, నా కన్నీటి చుక్క మూడుసార్లు జారింది.

1999లో నెదర్లాండ్స్‌లో మొదలైన 'బిగ్ బ్రదర్', 2017లో జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాతగా 'బిగ్ బాస్' పేరుతో తెలుగు ఇళ్ళలోకి వచ్చింది మొదలు, ఇరవై నాలుగు గంటల బతుకును గంటకు కుదిస్తే అంట్లు తోమడం పోయి తగవు మాత్రమే మిగులుతుందని ఇంటిల్లిపాదికీ ఉపన్యాసాలిచ్చినవాణ్ణి నేను. "ఆ మాత్రం మాకు తెలియదా నాయనా" అని మా అత్తగారు ప్రతి సోమవారం నామినేషన్లకు కుర్చీ ముందుకు జరుపుకునేవారు. హరిశ్చంద్రుడి వేషంలో ఉన్నది తమ ఊరి దర్జీయేనని తెలిసీ కాటిసీనుకు ఏడ్చిన వంశం వారిది. ఎవరిది నిజమైన ఏడుపో, ఎవరిది దొంగ ఏడుపో ఇంట్లో కూర్చొని తీర్పు చెప్పడంలోనే ఉంది రుచి అంతా. అటువంటి న్యాయమూర్తి నా మిరపకాయ దగ్గర బోల్తా పడ్డారు. నిజం చెప్పబోతే, "దాచుకోకండి, ఒక కంటితో ఏడ్చినప్పుడే అనుకున్నాను, మగవాళ్ళ దుఃఖం అలాగే ఉంటుంది" అన్నారు.

ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, మూడోసారి చుక్క జారినప్పుడు నాకూ కొంచెం గుండె బరువెక్కింది.

ఇందాకే వచ్చే వారం ప్రోమో వేశారు. వేరే అమ్మాయి, తప్పిపోయిన కుక్కపిల్ల కథ, అవే వయొలిన్లు, మళ్ళీ నా ఎడమ కన్నే. ఫోను మోగుతోంది.